హెడ్‌క్వార్టర్ తిరుపతి, మరి ఇల్లెక్కడ?

తిరుపతి హెడ్‌క్వార్టర్‌గా ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లోవాళ్లకు ఆనందమే. స్వామి పాదాల చెంత కొలువు, ఇంకేం కావాలి అంటారు. చేరిన మొదటి వారంలోనే తిరుపతి పేరుకు మాత్రమే అని తెలిసొస్తుంది. సోమవారం శ్రీకాళహస్తి, మంగళవారం చిత్తూరు, బుధవారం పలమనేరు, రాత్రికి అక్కడే మకాం, గురువారం మదనపల్లె, శుక్రవారం పీలేరు మీదుగా వెనక్కి. మందుల కంపెనీల రెప్రజెంటేటివ్‌లు, విత్తనాలూ ఎరువులూ అమ్మే సేల్స్ ఆఫీసర్లు, ఫైనాన్స్ కంపెనీల వసూలు సిబ్బంది, బ్యాంకు ఆడిటర్లు, పాల సేకరణ సూపర్‌వైజర్లు, సెల్ టవర్ల టెక్నీషియన్లు, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే కొనుగోలుదారులు: ఈ చుట్టుపక్కల బస్సుల్లో వీపుకు బ్యాగుతో కనిపించే మనుషుల్లో సగం మంది వీళ్లే. నేను రాస్తున్నది వాళ్లకోసం, ముఖ్యంగా ఈ మధ్యే చేరిన కుర్రవాళ్లకోసం, అమ్మాయిలకోసం.

వీళ్లకు రెండు కష్టాలు. పడకా, తిండీ, బస్సూ దొరికించుకోవడం ఒకటి. అది పైకి కనపడుతుంది. రెండోది పైకి చెప్పుకోలేనిది. కొన్నేళ్లు గడిచాక టీ అంగడి దగ్గర ఎవరో "మీది యా వూరు సార్?" అని అడిగితే నోట జవాబు చటుక్కున రాదు. పుట్టిన ఊరు చెప్పాలా, పెళ్లాం పిల్లలు ఉంటున్న ఊరా, గది ఉన్న తిరుపతా? మొదటి కష్టాన్ని పద్ధతిగా తీర్చుకున్నవాళ్లను రెండోది అంతగా కుంగదీయదని నా నమ్మకం. అందుకే చిన్న విషయాలతోనే మొదలుపెడతాను.

తిరుపతిలో గది సంగతి గుడి క్యాలెండర్ తేలుస్తుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, మే నెల గంగమ్మ జాతర, వరసగా సెలవులు కలిసొచ్చిన శనాదివారాలు, ఈ రోజుల్లో రేట్లు పెరుగుతాయి, ఎంత ఇస్తామన్నా గది లేదంటారు. అధిక మాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండు సార్లు. టూర్ ప్రోగ్రామ్ వేసేటప్పుడు కంపెనీ క్యాలెండర్ పక్కనే దేవస్థానం క్యాలెండర్ కూడా పెట్టుకోండి. రద్దీ వారంలో చిత్తూరు, పలమనేరు వైపు పని పెట్టుకుని, తిరుపతి పనిని ఆ తర్వాతి వారం మధ్యకు జరపండి. శివరాత్రికి శ్రీకాళహస్తి కూడా అంతే.

ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వడానికి తిరుపతిలో చాలా లాడ్జీలు వెనకాడతాయి. కుటుంబాలతో వచ్చే యాత్రికులే వాళ్ల వ్యాపారం. దీనికి కోపం తెచ్చుకుని లాభం లేదు. కంపెనీ గుర్తింపు కార్డు, టూర్ ప్రోగ్రామ్ కాగితం చూపించండి. ఆధార్ జిరాక్స్ అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని అదే ఇవ్వండి. మీ పూర్తి ఆధార్ నంబరు ఊరూరా కౌంటర్ల మీద పడి ఉండనక్కర్లేదు. ఇక నిజంగా హెడ్‌క్వార్టర్ తిరుపతే అయితే లాడ్జి ఆలోచనే మానుకుని నెల అద్దెకు గది చూసుకోండి. వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచీ ఉంది. ఆ చుట్టుపక్కలా, కొర్లగుంట, బైరాగిపట్టెడ ప్రాంతాల్లోనూ విద్యార్థులకు గదులివ్వడం అలవాటైన ఇంటివాళ్లు దొరుకుతారు. ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటే భారం తగ్గుతుంది. టూర్ల మధ్య ఖాళీగా పడి ఉండే గదికి అద్దె దండగ అనిపిస్తుంది. అయినా తీసుకోండి. ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి ఒక దండెం, తాళం వేసుకునే ఒక తలుపు ఉండటం మనిషికి ఎంత అవసరమో లాడ్జి మార్చి లాడ్జి తిరిగినవాళ్లనడగండి.

బయటి ఊళ్లలో లాడ్జి తప్పదు. అక్కడ నా సలహా ఒక్కటే: ఊరికి ఒక లాడ్జి, ఒక మెస్సు, ఒక టీ అంగడి. వాటిని మార్చకండి. వంద రూపాయలు తక్కువని ప్రతిసారీ కొత్త లాడ్జి వెతుక్కునేవాళ్లకు ఎన్నేళ్లయినా ఊరు ముఖం తెలియదు. ఒకే చోటికి వెళుతుంటే మూడో నెలకల్లా కౌంటర్లో ఉన్న అన్న మీ పేరు రాయకముందే తాళం చేతికిస్తాడు. మెస్సు అక్క "పోయిన వారం రాలేదే నాయనా" అంటుంది. జ్వరం వచ్చి గదిలో పడుకున్న రోజున తలుపు తట్టి చూసేది వీళ్లే. ఈ పరిచయాల విలువ ఏ అలవెన్సులోనూ రాదు.

తిండి విషయంలో ఈ ప్రాంతం దయగలది. పొద్దున ఇడ్లీ, పొంగలి ఏ మూలనైనా దొరుకుతాయి. మధ్యాహ్నం సంగటి దొరికే మెస్సు కనిపిస్తే వదలొద్దు. రాగి సంగటి, పులగూర, ఊరుబిండి తిని బస్సెక్కితే సాయంత్రం దాకా కడుపు చల్లగా ఉంటుంది. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు ఉందా అని అడగండి. ఆ అడగటంతోనే మీరు వాళ్లకు సగం దగ్గరైపోతారు. రోజూ రాత్రి పరోటాతో సరిపెట్టుకునే అలవాటు మాత్రం వద్దు. ఫీల్డు ఉద్యోగంలో చేరిన ఐదారేళ్లకే షుగర్, గ్యాస్ట్రిక్ తెచ్చుకున్నవాళ్లను ఎందరినో చూశాను. ఎక్కువమందిది ఇదే దారి.

ఇక రోడ్లు. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, బస్సులకు కొదవ లేదు. పీలేరు, మదనపల్లె వైపు వెళ్లాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్నవాళ్ల బస్సు లోయలో పడింది ఆ దారిలోనే. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లేటప్పుడు మొగిలి ఘాట్. 2024 సెప్టెంబరులో అక్కడ ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నాయి. పగటిపూట అలవాటైన దారే అయినా రాత్రి బైకు మీద ఈ రెండు ఘాట్లూ దాటే ఆలోచన పెట్టుకోకండి. పలమనేరు, కుప్పం వైపు మరో సంగతి ఉంది. కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు పొలాల్లోకి, రోడ్ల మీదికి వస్తుంటాయి. పొద్దు వాలాక పల్లెల్లో పని ఉంటే బయల్దేరే ముందు ఊళ్లోవాళ్లను ఒక్క మాట అడగండి. ఏ వైపు గుంపు తిరుగుతోందో వాళ్లకు తెలిసి ఉంటుంది.

కుప్పం గురించి కొత్త మేనేజర్లకు అర్థమయ్యేలా చెప్పడం కూడా మీ పనిలో భాగమే. మ్యాపులో చిత్తూరు జిల్లాయే కదా, పొద్దున పోయి సాయంత్రానికి రాలేవా అంటారు. చిత్తూరు నుంచే 100 కిలోమీటర్ల పైమాట. రైల్లో పోవాలంటే కాట్పాడి, జోలార్‌పేట మీదుగా తమిళనాడంతా తిరిగి రావాలి. అక్కడ ఒక రాత్రి మకాం తప్పదని టూర్ ప్రోగ్రామ్‌లో ముందే రాయించుకోండి. ప్రోగ్రామ్‌లో వానలనూ లెక్కేసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ మూణ్నెల్లూ వారంలో ఒక రోజు ఖాళీగా ఉంచి ప్రోగ్రామ్ వేయండి.

ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. తిరుపతిలో ఇల్లు ఉండి చిత్తూరులో పనిచేసే అమ్మాయికి ఇది లెక్క మార్చే విషయం. హాస్టల్ ఖర్చుతో పోలిస్తే రోజూ పోయి రావడం మేలా అని మళ్లీ లెక్క వేసుకోండి. వేలూరు వంటి పక్క రాష్ట్రపు ఊళ్లకు వెళ్లే సర్వీసులను మాత్రం ఈ లెక్కలో కలపకండి.

ఇప్పుడొక సున్నితమైన విషయం. ఫీల్డు ఉద్యోగాల్లో రోజును హెడ్‌క్వార్టర్, ఎక్స్-స్టేషన్, ఔట్‌స్టేషన్ అని విడదీసి డీఏ, అంటే రోజు భత్యం, కడతారు. ఎక్స్-స్టేషన్ అంటే వెళ్లి అదే రోజు తిరిగి రావడం. ఔట్‌స్టేషన్ అంటే రాత్రి అక్కడే ఉండాలి. కొందరు మదనపల్లెలో మకాం అని రిపోర్టులో రాసి, రాత్రికి రాత్రి బండేసుకుని తిరుపతి వచ్చేస్తారు. డీఏ మిగులుతుంది, ఇంట్లో పడుకోవచ్చు. ఇంటి మీద బెంగతో చేసే పని కాబట్టి తిట్టబుద్ధి కాదు. కానీ ఆ రాత్రి ఘాట్ మీద జరగరానిది జరిగితే, ఆ మనిషి పనిమీద ఉన్నాడా లేడా అన్న ప్రశ్న వస్తుంది. పరిహారం కోసం తిరిగే భార్య చేతిలో, అతను మదనపల్లె గదిలో ఉన్నాడని చెప్పే రిపోర్టు ఉంటుంది. నిజం రాయండి. ఇంటికి రావాల్సిన అవసరం ఉన్న రోజున ఎక్స్-స్టేషన్ అని రాసి పగలే వచ్చేయండి, పోయే డబ్బు పోనివ్వండి. ఏ రోజు రిపోర్టు ఆ సాయంత్రమే, ఏ బిల్లు ఆ రోజే ఫొటో తీసి పంపడం అలవాటు చేసుకోండి. ఇంటికొచ్చిన శనివారం సాయంత్రం బిల్లులు ముందేసుకుని కూర్చునే మనిషి ఇంటికొచ్చినట్టు కాదు.

మరో మాట, మీ నియామక పత్రం మీ దగ్గరుందా? మందుల రెప్రజెంటేటివ్‌ల వంటి అమ్మకాల ఉద్యోగుల కోసం 1976లోనే ప్రత్యేక చట్టం తెచ్చి, లిఖితపూర్వక నియామక పత్రం ఇవ్వాలని అందులో రాశారు. హెడ్‌క్వార్టర్ ఏదో, ఎంత మేర తిరగాలో కాగితం మీద లేకపోతే రేపు మీ ఇల్లు ఎక్కడుండాలో మేనేజర్ ఫోన్ కాల్ నిర్ణయిస్తుంది.

సాయంత్రం ఏడు నుంచి పది దాకా లాడ్జి గది చాలా పొడవుగా ఉంటుంది. డాక్టర్ల కాల్స్ అయిపోయాయి, దుకాణాలు కట్టేస్తున్నారు, ఇంటికి ఫోన్ చేస్తే అవతల అన్నాలు పెట్టే హడావిడి. నాకు తెలిసిన ఫీల్డు ఉద్యోగుల్లో తాగుడుకు బానిసలైనవాళ్లలో చాలామందికి ఆ అలవాటు ఈ మూడు గంటల్లోనే మొదలైంది. గదిలో కూర్చుని తినకండి, బయటికి నడవండి. ఊరికొక గంట ఆ ఊరిని చూడటానికి పెట్టుకోండి. 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో. మదనపల్లెలో రాత్రులు గడిపే ఎంతోమందికి ఆ ప్రాంగణం ఎటువైపుందో తెలియదు. చంద్రగిరి కోట బస్సు దారిలోనే ఉంది. రేణిగుంట వైపు వెళ్తే గుడిమల్లం శివలింగం, దేశంలోని అతి ప్రాచీన లింగాల్లో ఒకటి. బ్యాగులో మధురాంతకం రాజారాం కథలో, నామిని రాతలో ఒక పుస్తకం పెట్టుకోండి. ఈ పల్లెలు, ఈ మాటలు, ఈ మనుషులు వాటిలో ఉన్నారు. పగలు మందులషాపులో విసుక్కున్న పెద్దాయన రాత్రి కథలో ఎదురైతే, మర్నాడు ఆయనతో మీరు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. అమ్మకాల మనిషికి దీన్ని మించిన శిక్షణ నాకు తెలియదు. మనసు మరీ బరువెక్కి నిద్ర పట్టని రాత్రులు వరసగా వస్తుంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఇల్లెక్కడన్న ప్రశ్న. దీనికి ప్రభుత్వ కాగితాల్లోనే నాకు మంచి జవాబు దొరికింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సెలవుల్లో సొంతూరికి వెళ్లే రాయితీ కోసం ఒక ఊరిని హోమ్ టౌన్‌గా రాసివ్వాలి. దాన్ని ఉద్యోగ కాలమంతటిలో ఒక్కసారే మార్చుకోవచ్చు. మీరు రాసిన ఊరు నిజంగా మీదేనా అని తేల్చడానికి ప్రభుత్వం పెట్టిన పరీక్షల్లో మొదటిది ఇది: ఇంటి బాధ్యతలు, సామాజిక బాధ్యతలు తీర్చడానికి మీరు అప్పుడప్పుడూ స్వయంగా ఆ ఊళ్లో ఉండాల్సి వస్తోందా, ఉద్యోగంలో చేరాక కూడా తరచుగా వెళ్తున్నారా? ఆస్తి, దగ్గరి బంధువులు, పూర్వం అక్కడ ఉన్న ఏళ్లు, ఇవన్నీ ఆ తర్వాతి ప్రశ్నలు. ఓటర్ల నమోదుకు ఆధారమైన 1950 చట్టం కూడా దీనికి దగ్గరగానే మాట్లాడుతుంది. ఇల్లు సొంతమైనంత మాత్రాన ఆ ఊళ్లో నివసిస్తున్నట్టు కాదు. తాత్కాలికంగా బయటికి వెళ్లినంత మాత్రాన నివాసం పోదు.

చిత్తూరు సీమవాళ్లకు ఈ మాట ఇంకా బాగా అర్థం కావాలి. ఈ జిల్లా 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి, కడప నుంచి కొన్ని తాలూకాలు తెచ్చి కూర్చింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఇటొచ్చింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక గూడూరువాళ్లు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లావాళ్లయ్యారు. ఇంటి గడప దాటకుండానే జిల్లా, రాష్ట్రం మారిపోయిన మనుషులు వీళ్లు. ఎవరూ దిక్కు తోచక కూర్చోలేదు. పొలం, పెళ్లి పిలుపులు, తద్దినాలు, గంగమ్మ జాతర, ఇవి ఎక్కడుంటే అదే ఊరు. చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఆ ఉద్యోగులిప్పుడు రాష్ట్రమంతటా శాఖలున్న బ్యాంకు మనుషులు. ఇంతకాలం ఆలోచించనక్కర్లేని ప్రశ్న వాళ్లలో చాలామంది ముందుకు వచ్చి నిలబడింది.

కాబట్టి నేనిచ్చే సలహా: మీరు తప్ప మరొకరు చేయని పని ఇంట్లో ఒక్కటైనా ఉంచుకోండి. అమ్మ బీపీ మాత్రలు నెలనెలా మీరే తెచ్చి డబ్బాలో సర్దడం, పిల్లవాడి లెక్కలు ఆదివారం మీరే చూడటం, బోరు మోటారు బాగు చేయించడం, ఏదైనా సరే. డబ్బు పంపడం దీనికింద రాదు. అది ఎక్కడినుంచైనా పంపొచ్చు. తిరిగే ఉద్యోగంలో ఉన్న మనిషిని చూసి, పాపం బయటుంటాడు కదా అని భార్యో అన్నదమ్ములో ఒక్కొక్క పనీ తీసేసుకుంటారు. ప్రేమతోనే చేస్తారు. కొన్నేళ్లకు ఇంట్లో మీకు పనే ఉండదు. శనివారం రాత్రి వచ్చి, ఆదివారం నిద్రపోయి, సోమవారం తెల్లారకముందే బ్యాగు తీసుకుపోయే ఇల్లు మరో లాడ్జి అయిపోతుంది. దానికి మీరే అడ్డుపడాలి.

దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది. వారమంతా ఇల్లు ఒంటిచేత్తో నడిపిన మనిషిని, వచ్చీ రాగానే ఇదెందుకిలా ఉంది, అదెందుకు కొన్నావు అని నిలదీయడం. మీరు లేని ఐదు రోజులకూ ఒక పద్ధతి ఏర్పడి ఉంటుంది. దాన్ని చెడగొట్టకుండా అందులో మీ చోటు చూసుకోండి. తిరిగేది భార్య, ఇంట్లో ఉండేది భర్త అయిన ఇళ్లకు కూడా ఇదే మాట. టూర్ మీద వెళ్లే ఆడవాళ్లను అందరూ మరో ప్రశ్న అడుగుతారు: పిల్లల్నెవరు చూసుకుంటున్నారమ్మా? వాళ్ల నాన్న అని ఒక్క ముక్కలో చెప్పి పనిలోకి దిగండి. వివరణ ఎవరికీ బాకీ లేరు.

ఫోన్ రోజూ ఒకే వేళకు చేయండి, పది నిమిషాలు చాలు. తిన్నావా అంటే తిన్నానంటారు, అక్కడితో అయిపోతుంది. ఈరోజు సైన్సులో ఏం చెప్పారు, ఎదురింటివాళ్ల గోడ ఎంతవరకు లేచింది, అని అడగండి. మీ సంగతీ చెప్పండి. ములకలచెరువు దగ్గర బస్సు ఆగిపోతే టమోటా లారీ ఎక్కి వచ్చారని చెబితే పిల్లలు ఆ ఊరిని మ్యాపులో వెతుక్కుంటారు.

కుటుంబాన్ని తిరుపతికో చిత్తూరుకో తెచ్చుకోవాలా వద్దా అన్నది చివరి లెక్క. మీ టూర్ రిపోర్టులు ముందేసుకుని చూడండి. ఎక్కువ రాత్రులు హెడ్‌క్వార్టర్‌లోనే పడుతుంటే కుటుంబాన్ని దూరంగా ఉంచడంలో అర్థం లేదు. ఎక్కువ రాత్రులు ఔట్‌స్టేషన్లలోనే అయితే, భార్యా పిల్లలు తిరుపతికి వచ్చినా ఒంటరిగానే ఉంటారు. అప్పుడు అమ్మానాన్నలు, చుట్టాలు తోడుగా ఉన్న ఊరే వాళ్లకు మంచిది. పెద్దవాళ్లకు దీర్ఘకాలం వైద్యం కావాల్సి ఉంటే లెక్క మారుతుంది. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరులో ఇల్లు తీసుకుంటే వేలూరు సీఎంసీ దగ్గరే. ఇల్లు మారితే ఓటును ఫారం 8తో మార్పించుకోండి, రెండు చోట్లా ఉంచకండి. రేషన్ కార్డు మార్పు ఆలస్యమైనా బియ్యం ఉన్న ఊళ్లోనే తీసుకోవచ్చు. హెడ్‌క్వార్టర్ మార్చమని అడగాలనుకుంటే మేనేజర్‌తో ఆ మాట ఫిబ్రవరి, మార్చిలోనే ఎత్తండి. నోటితో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి. ఏప్రిల్ ఆఖరుకు సెలవులిస్తారు, జూన్ రెండో వారానికి బడులు తెరుస్తారు. సామాను మేలోనే దించుకుంటే, బడి మొదలయ్యేనాటికి పిల్లలకు ఆ వీధిలో ఇద్దరు ముగ్గురు స్నేహితులు దొరికి ఉంటారు.